బాపు వేలిముద్ర

నన్ను కన్న తల్లి, మా అవ్వ, మొయినాబాద్‌లో తెల్ల దొరసాని బంగళాలో ఆయాగా పనిచేసేది. బాపు మమ్మల్ని వదిలేసి సురంగల్‌లో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు దొరసాని ఏడాదిపాటు తన దేశానికి వెళ్తూ, పిల్లలకు అలవాటైన మనిషని అవ్వను వెంట రమ్మంది. తిరిగొచ్చాక నన్ను బోర్డింగు బడిలో వేయిస్తానంది.

ఓడ ఎక్కాలంటే పాస్‌పోర్ట్ కావాలన్నారు. అవ్వకు పట్నంలో ఫోటో తీయించారు, టీకాలు వేయించారు. అన్నీ అయ్యాక కచేరీలో గుమస్తా ఇంకో కాగితం ఇచ్చి, పెళ్లయిన ఆడది దేశం దాటాలంటే మొగుడి రజామంది, అంటే ఒప్పుకోలు, ఉండాలన్నాడు. అతను ఎప్పుడో వదిలేశాడని దొరసాని చెప్తే, బతికే ఉన్నాడు కదా అన్నాడట.

అవ్వ నన్ను వెంటబెట్టుకుని సురంగల్ నడిచింది. బాపు జొన్నచేనులో ఉన్నాడు. కొత్తామెకు నెలలు నిండాయి, ఇంట్లో పనికి మనిషి లేదు.

"పిల్లను ఈడ ఇడిసిపో, వేలిముద్ర ఏస్త" అన్నాడు.

అవ్వ గట్టు దిగి నా ముందు కూర్చుంది.

"ఒక్క ఏడాదే బిడ్డా. మల్ల జొన్నలు కోసెటాల్లకు వస్త."

బాపు వేలిముద్ర వేశాడు. అవ్వ చీర కొంగు పట్టుకున్న నా చేతిని ఆయనే విడిపించాడు.

అవ్వ వెళ్లాక యుద్ధం మొదలైంది. ఇటు వచ్చే ఓడల్లో ఆమెకు చోటు దొరకలేదు. మొదట్లో దొరసాని ఉత్తరం రాస్తే చర్చి పాస్టరుగారు వచ్చి కబురు చెప్పేవారు, తర్వాత అదీ లేదు. సవతితల్లి పిల్లలను చంకనేసుకుని పెరిగాను. పెద్దమనిషినైన ఏడాదే బాపు నన్ను కనకమామిడి అనే ఊరికి ఇచ్చి పెళ్లి చేశాడు.

యుద్ధం అయిపోయాక ఒక మధ్యాహ్నం ఒకామె మా వాకిట్లోకి వచ్చింది. చిక్కి ఉంది, కాళ్లకు బూట్లున్నాయి. పీట వేసి నీళ్లిచ్చాను.

"ఎవరి కోసం వచ్చిండ్రు?" అన్నాను.

ఆమె చెంబు పట్టుకునే ఉంది, తాగలేదు.

"నేనే బిడ్డా."

అవ్వా అని పిలుద్దామనుకున్నాను. కానీ అన్నం తినమని 'మీరు' అనే అన్నాను. తిన్నాక, నిద్రపోతున్న నా కొడుకు పక్కన ఈగలు తోలుతూ కూర్చుంది. ఏమనాలో తెలియక దొరసాని పిల్లలు పెద్దవాళ్లయ్యారా అని అడిగాను. పొద్దు వాలేదాకా వాళ్ల సంగతులే చెప్పింది. నా సంగతి ఎక్కడి నుంచి అడగాలో ఆమెకు తెలియలేదు, చెప్పడం నాకూ చేతకాలేదు.