ఢిల్లీ సారు తిరిగొస్తానన్న తోవ

నా చిన్నప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్ళే తోవ పొడుగునా ద్రాక్షతోటలుండేవి. ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మరు. వాళ్ళకు ఆ తోవంటే కాంపౌండు గోడలు, ప్లాట్ల బోర్డులు, ఫంక్షన్ హాళ్ళు. నాకు మాత్రం రాతి కడీల మీద ఇనుప తీగలు లాగి అల్లించిన పందిళ్ళు, వాటి కింద నడుము వంచి తిరిగే మా నాయిన కనిపిస్తాడు. మాదీ అక్కడే, రోడ్డు పక్కనే ఒక చిన్న తోట. ఇల్లు గడవడం, నా బడి, అమ్మ మందులు అన్నీ ఆ తోట మీదే. ద్రాక్ష మహా గారాబం పంట. గుత్తి కట్టి గింజ నిండే రోజుల్లో నీళ్ళు తప్పితే ఇక ఆ ఏడాదికి చేతులు కడుక్కోవలసిందే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా తోటలకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. తొంభైల చివరి సంగతి. ఢిల్లీలో సర్కారు పడిపోయిందనీ, మళ్ళీ ఎన్నికలనీ రేడియోలో చెప్పారు. ఢిల్లీలో ఎవరో కుర్చీ దిగితే మా బోరు మోటరుకేం సంబంధం అనుకున్నాను. సంబంధం ఉందట. కరెంటాఫీసుకు పోతే ఎన్నికలయ్యేదాకా ఏ పనీ జరగదన్నారు. మండలంలో చక్రం తిప్పే లీడరు ఇంటికి పోతే ముందు ఓట్లు పడనియ్యండన్నాడు. వెనకటి ఎన్నికల్లో మా పందిరి కిందే నిలబడి, మా ద్రాక్షపళ్ళే నోట్లో వేసుకుంటూ కొత్త ట్రాన్స్‌ఫార్మరు తెప్పిస్తానని మాటిచ్చిన మనిషి ఆయన. ఆ మాట గుర్తు చేద్దామని వెళ్ళిన మా నాయిన, చేయకుండానే తిరిగొచ్చాడు.

నాయిన పిరికివాడు కాదు. కాని మా పక్కింట్లో ఒక చిన్నాయన ఉండేవాడు. అంతకు ముందు ఏడాది ఏదో మీటింగులో లేచి, రేషన్ బియ్యం సంగతేందని గట్టిగా అడిగాడు. మర్నాడు జీపొచ్చింది. అడవిలో ఉండే అన్నలకు ఇతను అన్నం పెడుతున్నాడని పేరు పెట్టారు. మా ఊరి దగ్గర అడవీ లేదు, అన్నలూ లేరు. అయినా తీసుకుపోయారు. మళ్ళీ వచ్చినప్పుడు ఒక కాలు ఈడుస్తూ నడిచేవాడు. అంతకు ముందు బావి దగ్గర నిలబడి ఊరంతా వినిపించేలా పాడే మనిషి, ఆ తర్వాత తన పెళ్ళాంతో కూడా చెవిలో చెప్పినట్టు మాట్లాడేవాడు. పిల్లలమైన మాకు ఆయన కాలు చూసినా భయమే, ఆయన గొంతు విన్నా భయమే.

ఇట్లా ఉండగా ఢిల్లీ నుంచి ఒక పెద్ద నాయకుడు ఆ తోవన వస్తున్నాడని చాటింపు వేశారు. కీసర వైపు సభకు పోతూ మా ఊరి దగ్గర కారాపి, జనాన్ని పలకరిస్తాడట. ముందు రోజు లీడరు ఊళ్ళోకొచ్చి ఆడవాళ్ళు కొత్త చీరలు కట్టుకోవాలన్నాడు, హారతులు పట్టాలన్నాడు, డప్పులు ఎక్కడ నిలబడాలో చూపించాడు. అన్నీ నవ్వుతూనే చెప్పాడు. చివరికి అదే నవ్వుతో, "పెద్దసారు ముంగట కరెంటు, నీళ్ళు అని ఎవ్వరన్న నోరు తెరిచిండ్రో, ఆ ఇంట్ల మొగోడు జీపెక్కుతడు. యాది పెట్టుకోండ్రి" అన్నాడు. ఈ మండలంలో ప్రతి మోటరూ నడుస్తోందని ఆయన పైవాళ్ళకు చెప్పుకున్నాడన్న సంగతి మాకు తర్వాత తెలిసింది. నేను నాయిన చెయ్యి పట్టుకుని ఆ మాట విన్నాను. మా ఇంట్లో మొగవాడంటే ఆయనొక్కడే.

హారతి పట్టేవాళ్ళలో అందరికన్నా ముందు మా మేనత్తను నిలబెట్టారు. ఆమె మా నాయినకు అక్క. మా ఊళ్ళోనే ఇచ్చారు, మామ లారీ మీద నెలల తరబడి దూరాలు పోయేవాడు కనుక రోజూ మా ఇంట్లోనే ఉన్నట్టుండేది. పొడవుగా, నిండుగా, పెద్ద బొట్టుతో ఉండేది. ఏ పెళ్ళిలోనైనా హారతి పాట ఎత్తుకోవాలంటే ఆమెనే పిలిచేవారు. ద్రాక్ష కాలంలో గంపలు బస్సు మీద వేయించుకుని సికింద్రాబాద్ పోయి అమ్ముకొచ్చేది. ఆ బజారులో నలుగురితో బేరాలాడి ఉర్దూ బాగా అబ్బింది ఆమెకు. కోపమొస్తే మమ్మల్ని ఆ భాషలోనే తిట్టేది. ఊళ్ళో ఆమె గంపలే అందరికీ కనిపించేవి, ఆమెకు ఆ భాష వచ్చన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ పొద్దున నాయిన ఆమెతో, "అక్కా, హారతిచ్చి పక్కకు జరుగు. తోట పోతె పోనీ" అన్నాడు. అప్పటికే గుత్తుల చివర్ల గింజలు ముడుచుకుపోతున్నాయి. ఆమె పందిరి కిందికి వెళ్ళి ఒక గుత్తిని అరచేతిలో పెట్టుకుని చూసి, వదిలేసి, పళ్ళెం సర్దుకోవడానికి ఇంట్లోకి పోయింది.

కార్లు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. ముందు దుమ్ము, తర్వాత డప్పులు, తర్వాత నల్లబట్టల్లో తుపాకులు పట్టుకున్న మనుషులు. తుపాకిని అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. నేను అత్త చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డాను. తెల్లబట్టల పెద్దాయన కారు దిగి చేతులు జోడించాడు. అత్త పళ్ళెంతో ఎదురు నడిచింది.

హారతి సంగతి మన వాళ్ళకు తెలిసిందే. వెలుగుతున్న పళ్ళెం ఎదురుగా ఉన్నప్పుడు ఎవ్వరూ దాటిపోరు. అది ఆరిపోతే అపశకునం, అదీ ఓట్ల ముందు. పట్టిన ఆడమనిషి బొట్టు పెట్టి పక్కకు తప్పుకుంటేనే దారి. అత్త బొట్టు పెట్టలేదు. పాట ఎత్తుకుని, ఒక చరణం అయ్యాక ఇంకో చరణం, అది అయ్యాక మరొకటి, నిదానంగా తిప్పుతూనే ఉంది. పెద్దాయన నవ్వు ముఖంతో పళ్ళెంలో నోటు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు పాట ఆపి తెలుగులో చెప్పింది, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందని, తోటలు ఎండుతున్నాయని.

జనంలో నాయిన కోసం చూశాను. ఆయన ముఖం బూడిద రంగుకు తిరిగింది. పెద్దాయన, ఏమంటోంది ఈమె అన్నట్టు లీడరు వైపు చూశాడు. లీడరు రెప్ప వేయకుండా హిందీలో, ఈమె మిమ్మల్ని దీవిస్తోంది, మీరొచ్చాక మా తోటలు పచ్చగున్నాయంటోంది అని చెప్పాడు. పెద్దాయన మెచ్చుకోలుగా తల ఊపాడు.

ఆ తల ఊపడం చూసి అత్తకు తిక్క రేగిందనుకుంటాను. "నై సాబ్" అంది. "మై వో నై బోలీ. ట్రాన్స్‌ఫార్మర్ జల్ గయా. మోటరాఁ బంద్. అంగూర్ సూఖ్ రైఁ. ఇనో ఝూట్ బోల్‌రైఁ." డప్పులవాళ్ళు ఎప్పుడు ఆపారో తెలియదు గాని, ఆ మాటలు ఆ తోవంతా వినిపించాయి. తాను దీవించలేదని, మోటర్లు ఆగి ద్రాక్ష ఎండుతోందని, లీడరు అబద్ధం చెబుతున్నాడని ఆయన ముఖం మీదే, ఆయన దేవుడికి అర్థమయ్యే భాషలో చెప్పేసింది. నేను ఆమె చీరలో ముఖం దాచుకున్నాను. ఇప్పుడే ఇక్కడే తుపాకులు పేలతాయనుకున్నాను.

ఏమీ పేలలేదు. పెద్దాయన నా తల మీద చెయ్యి వేశాడు. మెత్తటి చెయ్యి. "వాపస్ ఆతే వఖ్త్ దేఖేంగే, బెహన్" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు చూద్దాం అక్కా అని. అత్త బొట్టు పెట్టి పక్కకు జరిగింది. కార్లు వెళ్ళిపోయాయి. లీడరు ఎక్కుతూ ఎక్కుతూ మా నాయిన వైపు ఒక చూపు చూశాడు.

జనం క్షణంలో ఖాళీ అయ్యారు. మాతో నిలబడితే తమకూ అంటుకుంటుందన్నట్టు, పలకరించేవాళ్ళు కూడా తలలు వంచుకుని పోయారు. ఇంటికొచ్చాక నాయిన అత్త మీద అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని నాకనిపించింది. అమ్మ అన్నం పెట్టింది. ఎవరూ ముట్టలేదు. బయట ఏ బండి చప్పుడైనా అమ్మ లేచి నిలబడేది. కొన్ని బండ్లు పోయాక ఒకటి మా ఇంటి ముందు ఆగింది.

పోలీసులు కసరలేదు, కొట్టలేదు. "ఊర్కె మాట్లాడనీకె, రా" అన్నారు. చిన్నాయనను కూడా అట్లాగే పిలిచారని నాకు గుర్తుంది. నాయిన చెప్పులు వేసుకోబోయి, ఎందుకో వదిలేసి ఉత్త కాళ్ళతో జీపెక్కాడు. అమ్మ గడపలో కూలబడింది. నాకు ఏడుపు కూడా రాలేదు. నాయిన రెండు కాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాను.

అత్త ముఖం కడుక్కుంది. బొట్టు దిద్దుకుంది. నా చెయ్యి పట్టుకుని నడిచింది. దారిలో కొన్ని ఇళ్ళ ముందు ఆగి, "మా తమ్మున్ని తీస్కపోయిండ్రు. నేను పోతున్న" అని మాత్రం చెప్పింది. రమ్మని ఎవరినీ అడగలేదు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ మూసిన తలుపుల మీద నాకిప్పుడు కోపం లేదు. వాటి వెనకా నాలాంటి పిల్లలుండి ఉంటారు.

స్టేషన్లో ఎస్సై ఎదురు కుర్చీలో లీడరు కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నాయిన మూలన నేల మీద ఉన్నాడు. చొక్కా లేదు. మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు. అత్త కాళ్ళు పట్టుకుంటుందని లీడరు అనుకున్నట్టున్నాడు, కాళ్ళు కొంచెం ముందుకు చాచాడు. నేనూ అట్లాగే అనుకున్నాను. పట్టుకోవాలని మొక్కుకున్నాను కూడా.

అత్త చేతులు జోడించి ఎంతో మర్యాదగా మాట్లాడింది. "సారూ, ఢిల్లీ సారు మర్లొచ్చేటప్పుడు చూస్తనన్నడు. లీడరు సాబు గుడ గాడనే ఉన్నడు, ఇన్నడు. రేపో ఎల్లుండో వస్తడు. నేను గా పళ్ళెమే పట్టుకొని గాడనే నిలబడ్త. తోట ఏమైంది, తోటాయన ఏడి అని నన్నడిగితె ఏం జెప్పాలె? మీరు జెప్పుమన్నదే జెప్త."

ఎస్సై లీడరు వైపు చూశాడు. లీడరు చాయ్ కప్పు వైపు చూశాడు. ఆ మాట అతని ముందే, అతని పెద్దసారు నోటి నుంచే వచ్చింది. అనలేదని ఎట్లా అంటాడు? రాడులే అని ఎట్లా అంటాడు? ఊరూరా ఆ మనిషి మాటను నమ్మమని చెప్పి ఓట్లడిగేది తనే. కాసేపటికి ఎస్సై, "పో, తీస్కపో. ఇంకోపారి గిట్ల చేస్తె మంచిగుండదు" అన్నాడు. నాయిన లేచి నిలబడ్డాడు. నేను ముందు ఆయన నడక చూశాను. రెండు కాళ్ళూ సరిగ్గానే పడుతున్నాయి.

ముగ్గురం ఇంటి దారి పట్టాం. ఊరు దగ్గరపడ్డాక నేను అత్తను అడిగాను, ఢిల్లీ సారు నిజంగా ఇటే తిరిగొస్తాడా అని. "రాడు బిడ్డా" అంది. "అసొంటోళ్ళు ఒచ్చిన తొవ్వన మర్లిపోరు. గది మనకెరుక. ఆ లీడరుకే ఎరుక లేదు." నీకు భయం కాలేదా అంటే, "పానం పోయింది" అంది. అట్లా అని నవ్వబోయి, నవ్వలేక రోడ్డు పక్కన రాయి మీద కూర్చుండిపోయింది. అప్పుడు చూశాను, ఆమె జాకెట్టు వీపంతా తడిసి ఉంది. నాయిన ఆమె పక్కన కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "ఎందుకడిగినవే అక్కా" అని ఏడ్చాడు. "అడగకుంటె ఇంకెవలు అడుగుతర్రా" అంది ఆమె.

ఢిల్లీ సారు ఆ తోవన రాలేదు, హెలికాప్టర్లో పోయాడట. ఓట్లు పడ్డాయి, సర్కారు మారింది, కొన్నాళ్ళకు అదీ పడిపోయింది. ట్రాన్స్‌ఫార్మరు వచ్చేసరికి మా గుత్తులు మేకలు తినడానికి కూడా పనికిరాకుండా అయ్యాయి. మరుసటేడు నాయిన పందిరి పీకించేశాడు. ఆ పెద్దాయన ఇచ్చిన మాట వల్ల మాకు ఒరిగింది ఒక్కటే. నాయిన రెండు కాళ్ళతో ఇంటికొచ్చాడు.

అప్పటి నుంచి నాకొక అలవాటు. నాయకులు చెప్పింది చేస్తారని నమ్మను గాని, చెప్పించకుండా వదలను. కొంపల్లిలో కాపురం పెట్టాక, మా కాలనీకి ఓట్లడగడానికి వచ్చిన ప్రతి వాడినీ నల్లా నీళ్ళెప్పుడు, మురుగు పోయే మోరీ ఎప్పుడు అని పదిమంది వినేలా అడుగుతాను. ఏ పనో పేరు పెట్టి, ఏ వారంలోగానో చెప్పమంటాను. ఆ వారం దాటితే వాళ్ళ మాట వాళ్ళకే తీసుకుపోయి అప్పగిస్తాను. వాళ్ళు నవ్వుతారు, విసుక్కుంటారు. ఒక్కోసారి సిగ్గుకైనా పని చేస్తారు. చాలాసార్లు చేయరు. ఎంత గొంతు చించుకున్నా మన మాట ఢిల్లీ దాకా పోదని తెలిసి ఒళ్ళు మండుతుంది. మా ఆయన అంటాడు, నీకు భయమనేదే లేదు, ఇంత మందిలో ఎట్లా అడుగుతావని.

ఆయనకు తెలియనిది ఒకటుంది. అడగడం మా అత్త దగ్గర నేర్చుకున్నాను. అడిగొచ్చిన రోజు మాత్రం, ఆయనా పిల్లలూ ఒక్కొక్కరే గేటు తీసుకుని లోపలికొచ్చేదాకా నాకు ముద్ద దిగదు.