ముగ్గుపిండిలో అడుగులు

మా వెయిట్‌లిఫ్టింగ్ సార్ పోయారని మొన్న పొద్దున ఆయన భార్య ఫోన్ చేశారు. "నిద్రలనే పోయిండు బిడ్డా. ఎవ్వర్ని తిప్పలు పెట్టలే" అన్నారు. బతికుండగా ఆయన మమ్మల్ని పెట్టిన తిప్పలన్నీ గుర్తొచ్చి, ఏడుస్తూనే నవ్వేశాను.

తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్ గుట్ట వాలులో, ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డు ఉండేది. ఒక రాడ్డు, కొన్ని ఇనప చక్రాలు, ఒక వెదురు కర్ర, ఓ డబ్బా ముగ్గుపిండి. అంతే. జూబ్లీహిల్స్ నుంచి కార్లలో వచ్చి దిగే కాబోయే హీరోలు ముందు అద్దం కోసం వెతికేవారు. నెలలో కండలు కావాలన్న ఒకతని చేతిలో సార్ వెదురు కర్ర పెట్టారు. మర్నాడు అతను రాలేదు. "ఇనుముకు సినిమా తెల్వదు బిడ్డా" అంటూ ఆ కర్ర నాకిచ్చారు.

నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. మా నాన్న సినిమా సెట్లు వేసే వడ్రంగి. సెట్ మీంచి పడి నడుం దెబ్బతిన్నాక పని తగ్గింది. రాష్ట్ర జట్టులో చోటు దొరికితే క్రీడల కోటాలో ఉద్యోగం వస్తుందని ఎవరో చెబితే నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. ఇంటి ఆశంతా నా మీదే. "ఆడపిల్లండీ మాస్టారూ, నడుం జాగ్రత్త" అన్నాడు. "గా నడుం కోసమే గద నేనున్నది" అన్నారు సార్.

నెలల తరబడి కర్రే. "బట్టలారేసే కర్ర ఎత్తితే ఉద్యోగమిస్తారటే?" అని అమ్మ ఎత్తిపొడిచేది.

సార్ నేల మీద పల్చగా ముగ్గుపిండి చల్లేవారు. ఒట్టి కాళ్లతో దాని మీద నిలబడి, కర్రను ఒక్క ఊపున తలపైకి లేపుతూ గొంతుక్కూర్చోవాలి. దాన్నే స్నాచ్ అంటారు. నేను లేచాక ఆయన నా మొహం చూసేవారు కాదు, వంగి పిండిలో నా అడుగులు చూసేవారు. పక్కలకు జరిగితే సరే. ముందుకు పడ్డాయంటే కర్ర ఒంటికి దూరంగా పోయిందన్నమాట. "రాడ్డు ఎంబడి నువ్వు ఉరుకుడు కాదు బిడ్డా. అదే నిన్ను పట్టుకొని రావాలె" అని, చీపురుతో ఊడ్చి మళ్లీ చల్లేవారు. ఇనుము పట్టే రోజు మాత్రం కాలు జారకుండా నేలంతా కడిగించేవారు.

"వాకిట్ల ముగ్గేద్దామంటే పిండేది?" అని ఆయన భార్య లోపల్నుంచి సణిగేవారు.

"నీ ముగ్గు రేపేసుకో. ఈ పిల్ల కాళ్లు ఇయ్యాల సక్కగ పడాలె."

జట్టు ఎంపిక రోజున నా మొదటి రెండు ప్రయత్నాలూ పోయాయి. రెండుసార్లూ రాడ్డు ముందుకే పడింది. ఇక ఒక్కటే మిగిలింది. గ్యాలరీలో నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. సార్ బరువు ఊసే ఎత్తలేదు. "చేతుల్ని మర్చిపో. కాళ్ల కింద పిండున్నదనుకో" అన్నారు. అనుకున్నాను. రాడ్డు తలపైన నిలిచింది. లేచి చూస్తే, అందరూ పైకి చూస్తుంటే ఆయనొక్కరూ నా పాదాలే చూస్తున్నారు. జట్టులో చోటు దొరికింది, ఆ వెనకే ఉద్యోగమూ వచ్చింది. దాంతోనే మా నాన్నకు వైద్యం జరిగింది, తమ్ముడు చదువుకున్నాడు. నా నడుం ఈ రోజుకీ నిటారుగా ఉంది. ఆ మనిషికి నేనేమిచ్చి రుణం తీర్చుకోగలను?

నిన్న వెళ్లాను. చావు జరిగిన ఇల్లు కదా, వాకిట్లో ముగ్గు లేదు. షెడ్డులో కర్ర గోడకు ఆనించి ఉంది, డబ్బా నిండా పిండి ఉంది.

"వాకిట్ల ఎయ్యొద్దు గని, గీడ ఏస్తె ముగ్గు కాదు గద" అంటూ సార్ భార్యే పల్చగా చల్లారు.

చెప్పులు విప్పి కర్ర అందుకున్నాను. పైకి లేపి కూర్చుంటే యాభయ్యేళ్ల మోకాళ్లు కటుక్కుమన్నాయి. లేచి పక్కకు తప్పుకున్నాను. ఆవిడ అచ్చం ఆయనలాగే వంగి, చాలాసేపు చూశారు.

"సక్కగ పడ్డయి" అన్నారు.

చీపురు ఆ మూలే ఉంది. మేమిద్దరం దాని జోలికి పోలేదు.