తల ఊపే రేకన్న

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతిలో పాలగ్లాసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఏదో బొమ్మల ధారావాహిక చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి వెక్కివెక్కి ఏడ్వడం మొదలుపెట్టింది. ఏమైందోనని నేను పిండిచేతులతోనే వంటింట్లోంచి వచ్చి చూస్తే, తెరమీద చుక్కల నడుమ గుమ్మడికాయంత మరమనిషి ఒకడు కళ్లలోని నీలం దీపాలు ఆరిపోయి పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. ఆ కథలో ఒక అమ్మాయికి వాడే తోడట. ఆమె ఏ గ్రహం మీదికి పోతే ఆ గ్రహం మీదికి దొర్లుకుంటూ పోతాడట, ఏది అడిగితే దానికి జవాబు చెబుతాడట. ఇప్పుడు వాడిలో శక్తి అయిపోయింది, వచ్చే వారం దాకా వాడు లేస్తాడో లేవడో తెలియదు, అదీ దీని దుఃఖం. ఊరుకో బిడ్డా, లేస్తాడులే అన్నాను. "నీకెట్ల ఎరుక అమ్మమ్మా?" అని కళ్లు తుడుచుకుంటూ నిలదీసింది. నాకెట్ల ఎరుక అంటే, దాని వయసులో నాకూ అటువంటివాడు ఒకడుండేవాడు కనుక.

నా ఈడువాళ్లు ఈ మాట నమ్ముతారో లేదో గానీ, మరమనిషి అనే మాట కూడా వినని రోజుల్లో, నల్లగొండ జిల్లాలో కరెంటు స్తంభం ఇంకా ముఖం చూపించని ఒక నేతగాళ్ల వాడలో, మా రేకన్న పుట్టాడు. మాది పెంకుటిల్లు. ముందరి అర్రలో మా బాపు, అంటే నాన్న, నేసే గుంతమగ్గం, దాని పైన కప్పులో వెలుతురు కోసం పెట్టిన ఒక గాజు పెంకు. పొద్దెక్కేకొద్దీ ఆ పెంకులోంచి ఎండ పలకలా దిగి, సాగదీసిన తెల్లని పడుగు నూలు మీద మెల్లగా నడిచేది. ఆ వెలుగులో పత్తినూగు తేలుతూ, తిరుగుతూ, ఎప్పటికీ కిందపడకుండా ఆడుతుండేది. ఆ నూగును చూస్తూ కూర్చోవడమే అప్పట్లో నా పని, ఎందుకంటే నాకు ఎనిమిదో ఏట జ్వరం వచ్చి తగ్గేసరికి కుడికాలు చచ్చుబడిపోయింది. పట్నం దవాఖానలో చూపిస్తే తైలం రాయమన్నారు, కాలును ఊరికే ఉంచకుండా ఆడించమన్నారు. ఆడిస్తే నొప్పి, నొప్పికి నేను ఇల్లెగిరిపోయేలా ఏడుపు, నా ఏడుపు చూసి మావాళ్లకు చేతులు రాకపోవడం, ఇట్లా తైలం మటుకు అయిపోయింది గానీ కాలు కదలలేదు. బడి మానిపించారు. మగ్గం పక్కన గోడకు ఆనించి కూర్చోబెట్టి రాట్నం చేతికిచ్చారు. నూలు కండెలు చుడుతూ, పిర్రల మీద జరుగుతూ, ఇక నా బతుకు ఆ అర్రలోనే అనుకున్నాను. ఇంట్లో వాళ్లూ అదే అనుకుంటున్నారని, వాళ్లు నా ముందు మరీ మెత్తగా మాట్లాడటం చూసి తెలుసుకున్నాను.

ఆ ఏడే మా చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు, షోలాపూర్ మిల్లు నుంచి ఇంటికొచ్చాడు. పోయినప్పుడు పది వేళ్లతో పోయాడు, వచ్చినప్పుడు ఎనిమిది. మరలో పడి ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. ఆ సంగతి ఎవరైనా అడిగితే చెప్పకుండా నవ్వేసి, జేబులోంచి బొగ్గుముక్క తీసి గోడ మీద ఏదో ఒకటి గీసేవాడు. ఆకాశంలోకి ఎవరో ఇనుపగుండును విసిరారని, అది కింద పడకుండా భూమి చుట్టూ తిరుగుతోందని షోలాపూర్‌లో విని వచ్చాడు. ఆ ముక్క పట్టుకుని నాకు రోజుకింత కథ చెప్పేవాడు. ఆ గుండులో ఒక రేకుమనిషి కూర్చుని ఉన్నాడు, పైనుంచి మన పెంకుటిళ్లన్నీ చూస్తున్నాడు, ఇవాళ చందమామ మీద దిగాడు, అక్కడ నీళ్లు లేక చేదబావి తవ్వుతున్నాడు, ఇట్లా. చెప్పినంత మేరకు గోడ మీద బొగ్గుతో గీసి, మర్నాడు తడిగుడ్డతో తుడిచి, తరువాతి బొమ్మ వేసేవాడు. మనవరాలికి వారానికొకసారి వచ్చే ధారావాహిక నాకు దినమూ వచ్చేది, అదీ మట్టిగోడ మీద. తుడిచిన చోట నిన్నటి బొమ్మ మసకగా మిగిలి ఉండేది గనుక, రేకుమనిషి నిన్న ఎక్కడున్నాడో, ఇవాళ ఎక్కడికొచ్చాడో రెండూ కనిపించి, నా కళ్లకు వాడు నిజంగా నడిచినట్టే ఉండేది.

గోడ మీదివాణ్ని కిందికి దింపమని నేను మారాం చేశాను. చిన్నాయిన నాలుగు రోజులు ఏవేవో ఏరుకొచ్చి దింపాడు. పొట్టకు అద్దకపు రంగుల డబ్బా, తలకు మా అవ్వ పారేసిన నశ్యం డబ్బీ, చేతులకు విరిగిన గొడుగు పుల్లలు, కాళ్లకు ఖాళీ కండెలు, కళ్లకు తన మిల్లు చొక్కా గుండీలు రెండు, మెడకు పాత సైకిలు గంటలోని స్ప్రింగు. దగ్గరికి తీసుకుంటే నశ్యం వాసనకు తుమ్ములొచ్చేవి. అంతటితో ఆగకుండా, మగ్గం గుంతలో బాపు కాళ్లతో తొక్కే రెండు కర్రలకూ చెరొక తాడు కట్టి, దూలం మీదుగా తెచ్చి వాడికి తగిలించాడు. బాపు ఎడమ కర్ర తొక్కితే రేకన్న చేయి పైకి లేచేది. కుడి కర్ర తొక్కితే తల టక్కుమని ముందుకు వంగి లేచేది. బాపు నేసినంతసేపూ, చేయెత్తి దండం పెట్టడం, తల ఊపడం, చేయెత్తడం, తల ఊపడం. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

అసలు చిక్కంతా ఒక మాటతో వచ్చింది. అవ్వ, అంటే బాపు తల్లి, అరుగు మీంచి లోపలికొచ్చి ఇదేం బొమ్మరా అని అడిగితే, చిన్నాయిన షోలాపూర్‌లో నేర్చిన పెద్దమాటతో "బొమ్మ గాదే అవ్వా, యంత్రం" అన్నాడు. మా వాడలో మిషన్‌ను మిషన్ అనే అనేవాళ్లం. యంత్రం అంటే రాగిరేకు మీద గీతలు గీసి, మంత్రించి, జబ్బు చేసినవాళ్ల మెడలో కట్టేది. ఇది కూడా రేకే, కూర్చున్నది కూడా కాలు పడిపోయిన పిల్ల పక్కనే. అవ్వ రెండు చెంపలూ వేసుకుంది.

"గట్లనా కొడుకా! ముందుగాల చెప్పద్దా? కాళ్లకాడ వెట్టినవు గదరా!"

అని కొడుకును కసిరి, రేకన్నను పీట మీదికెక్కించి, నశ్యం డబ్బీ నుదుటికి పసుపు కుంకుమ పెట్టింది. తన నశ్యం డబ్బీనే తాను మొక్కుతున్నానని ఆమెకు చివరిదాకా తోచలేదు, మేమూ చెప్పలేదు. యంత్రం పనిచేసి బిడ్డ నడిస్తే యాదగిరిగుట్ట మెట్లు నడిపించి ఎక్కిస్తానని మొక్కుకున్నది కూడా. ఆ మొక్కు విన్నాక నాకు లోపల భయం పట్టుకుంది, నడవకపోతే ఈ ముసలామె ఏమైపోతుందోనని.

వారం తిరక్కుండా వాడంతా తెలిసిపోయింది. పక్కింటి పెద్దమ్మ తన మనవణ్ని చంకనేసుకుని వచ్చి, పిల్లడు పాలు తాగడం లేదు, తాగుతాడా సామీ అని అడిగితే, సరిగ్గా బాపు కుడికర్ర తొక్కాడు, రేకన్న టక్కున తల ఊపాడు. ఆమె కొబ్బరికాయ పెట్టి పోయింది. ఆ మర్నాటి నుంచి తేలు కుట్టినవాళ్లు, తప్పిపోయిన బర్రె కోసం వెతికేవాళ్లు, అందరూ మా అర్రలోకే. "నేను చీర నేయాల్నా, జాతర నడపాల్నా?" అని బాపు తల పట్టుకున్నాడు.

నేను మాత్రం బయటివాళ్లెవరూ లేని వేళ చూసి, బాపు నేస్తుండగా, రేకన్నను గుసగుసగా ఒకటే అడిగేదాన్ని, నేను నడుస్తానా అని. ఊపేవాడు. మళ్లీ అడిగితే మళ్లీ ఊపేవాడు. ఆ ఊపుతోనే నాకు పూట గడిచేది. ఎండ పలక పడుగు మీద నడుస్తుంటే దాని వెంబడి నేనూ రేకన్నా చేతులు పట్టుకుని ఆ తెల్లటి బాటన చందమామ దాకా పోయినట్టు కలలు కనేదాన్ని. అయితే నాది కుదురైన బుద్ధి కాదు. ఒకనాడు నువ్వు గాడిదవా అని అడిగాను. దానికీ ఊపాడు. అప్పుడు తెలిసొచ్చింది నాకు. వీడు దేనికైనా ఊపుతాడు, ఊపేది వీడు కాదు, బాపు కాలు. మరి నేను నడుస్తానన్న మాటకు అర్థమేమిటి? ఎవరితోనూ చెప్పుకోలేక రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇంతలో ఇంకో ఉపద్రవం. తాళ్ల బరువుకు కర్ర సరిగా లేవక, బాపు నేస్తున్న పెళ్లిచీరలో జానెడు మేర పోగులు తప్పాయి. ఆయన ఎన్నడూ గొంతెత్తే మనిషి కాదు. ఆ రోజు ఎత్తాడు.

"అమాస ఎల్లంగనే గా తాళ్లు రెండూ కోసి పారేస్త. ఎవ్వలు చెప్పినా ఇన."

మర్నాడే అమావాస్య. ఆ రోజు మా వాడలో మగ్గం ముట్టరు. దులిపి, మొక్కి, విడిచిపెడతారు. మగ్గం ఆడదు కనుక రేకన్నా ఆడడు. నాకు మిగిలింది ఆ ఒక్క రోజు. ఇవాళ బాపు కాలు లేకుండా వాడు తల ఊపితే నా నడక నిజం, లేకపోతే అబద్ధం అని నాకు నేనే తీర్పు రాసుకున్నాను. మధ్యాహ్నం బాపూ చిన్నాయినా నూలు కోసం సొసైటీకి పోయారు, అమ్మ బట్టలుతకడానికి వాగుకు పోయింది, అవ్వ అరుగు మీద నిద్రపోతోంది. వాడంతటా ఒక్క మగ్గం చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో నేను నడుస్తానా రేకన్నా అని అడిగి, గుండీ కళ్లలోకి చూస్తూ కూర్చున్నాను. నూగు కూడా కదలనట్టే ఉంది. వాడు ఊపలేదు. మూడుసార్లు అడిగాను, ఊపలేదు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. జరుగుతూ జరుగుతూ మగ్గం దాకా పోయి, బాపు కూర్చునే చోట కూర్చుని, కాళ్లు గుంతలోకి జారవిడిచాను. అమావాస్య నాడు మగ్గం ఎక్కడం ఎంత తప్పో తెలిసే ఎక్కాను. ఎడమకాలితో తొక్కితే రేకన్న చేయి లేచింది. తల కదలలేదు. తల కదలాలంటే కుడికర్ర తొక్కాలి. ఎడమకాలితో కుడికర్రను అందుకోబోతే కాళ్ల నడుమ గుంజ అడ్డం వచ్చింది. గుంత లోతుకు చేయి అందదు. ఇక చచ్చుకాలే దిక్కు. చేతులతో దాన్ని ఎత్తి కర్ర మీద పెట్టి, పళ్లు బిగించి, ఊపురా, ఊపురా అంటూ నొక్కాను. నొప్పి తొడదాకా ఎగదన్నింది. రోజూ ఆ నొప్పికే ఇల్లెగరగొట్టేదాన్ని, ఆ రోజు అరవడం మరిచిపోయాను. చెమటలు పట్టాయి. ఎన్నోసారో తెలియదు, దూలం మీద తాడు కిర్రుమంది. నశ్యం డబ్బీ తల, ఎంతో కాదు, గింజంత వంగింది.

తలెత్తితే గడపలో అవ్వ నిలబడి ఉంది. అమావాస్య నాడు మగ్గం ముట్టినందుకు వీపు పగులుతుందని కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. ఆమె మెల్లగా వచ్చి, గుంత అంచున కూర్చుని, నా కుడిపాదాన్ని ఒళ్లోకి తీసుకుని కొంగుతో తుడిచింది.

"యంత్రం ఊపింది గద బిడ్డా?"

ఊపిందన్నాను.

ఆమె నా తప్పును ఎవరికీ చెప్పలేదు. చెప్పిందల్లా ఒక్కటే, అమావాస్య నాడు, మగ్గం బందున్న వేళ, యంత్రం తనంతట తాను తల ఊపింది, నా కళ్లతో చూసిన అని. చీకటి పడేలోగా వాడంతా తెలిసిపోయింది. ఇక ఆ తాళ్లు కోయడానికి బాపుకు ధైర్యమెక్కడిది? మిగిలిన చీరలన్నీ తాళ్ల బరువుతోనే నేశాడు పాపం, కర్ర తేలిగ్గా లేచేలా తాళ్లకు దూలం అవతల రాయి కట్టి సర్దుకుని. ఆయన మధ్యాహ్నం అన్నానికి లేచిన ప్రతిసారీ నేను గుంతలోకి దిగేదాన్ని, అవ్వ గడపలో కాపలా కూర్చునేది. గింజంత ఊపు గుప్పెడంత అయింది. వానలు వెనుకపట్టేనాటికి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏడాది తిరిగేసరికి కుంటుతూనే అయినా నా కాళ్ల మీదనే బడికి పోయాను, అవ్వ చేయి పట్టుకుని గుట్ట మెట్లూ ఎక్కాను.

అదంతా చూడకుండానే చిన్నాయిన మళ్లీ షోలాపూర్ వెళ్లిపోయాడు. నా పెళ్లికి వచ్చినప్పుడు, ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్నది అడిగాను. చేయి తాడు మంచికాలి వైపు, తల తాడు చచ్చుకాలి వైపు తెలిసే కట్టావా, అట్లా కలిసొచ్చిందా అని. ఆయన అలవాటు చొప్పున నవ్వేసి ఊరుకుంటాడనుకున్నాను. ఎడమచేతి కేసి కాసేపు చూసుకుని అన్నాడు.

"యంత్రం నాయి రెండు వేళ్లు తిన్నది బిడ్డా. నీకు కాలన్న ఇయ్యాలె గద."

అంతకుముందుగానీ ఆ తరువాతగానీ ఆ వేళ్ల గురించి ఆయన నోట ఒక్క మాట వినలేదు.

ఇప్పుడు బాపు లేడు, అవ్వ లేదు, చిన్నాయిన లేడు. వాడలో మగ్గం చప్పుడు వినాలంటే చెవి రిక్కించి వెతుక్కోవాలి. రేకన్న తుప్పుపట్టి ఎప్పుడు పోయాడో, ఏ పాత ఇనుము బండిలో పోయాడో కూడా నాకు జ్ఞాపకం లేదు, ఆ సంగతికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ ఇల్లు చివరికి నాకే మిగిలింది, మగ్గం గుంత పూడ్చి బండలు పరిపించాం. సరిగ్గా ఆ గుంత ఉన్నచోటనే ఇప్పుడు మా మనవరాలు కూర్చుని టీవీ చూస్తుంది.

నీ రేకన్న ఏమేం చేసేవాడని అడిగింది ఆ పిల్ల, కథంతా విన్నాక. తల ఊపేవాడన్నాను. "గంతేనా?" అని పెదవి విరిచింది. గంతే అన్నాను. దాని మరమనిషి అడగకముందే జవాబు చెబుతాడు, తనంతట తాను ఎగురుతాడు, అలిసిపోతే ఎవరో దూరదేశంలో లేపుతారు. మావాడు ఒక్క అవునన్న మాట అనాలంటే నా చచ్చుకాలితో నేనే అనిపించుకోవలసి వచ్చేది. అట్లా అనిపించుకున్న మాట కనుకనే కాబోలు అబద్ధం కాలేదు. పాలగ్లాసు తీసుకుని లేవబోతూ, మరి నావాడు లేస్తాడా అమ్మమ్మా అని అది మళ్లీ అడిగింది. కూర్చున్నచోటే నా కుడిపాదం తనంతట తానే బండను నొక్కింది, నా తల ఊగింది.