తమ్ముడు వదిలి వెళ్ళిన పేరు

మా బాపు ఇంట్లో ఒక పేరుతో, బాయిలో ఇంకో పేరుతో బతికాడు. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. పాత రోజుల్లో కొలువు దొరికినవాడు భూమి లోపలికి దిగడానికి జడిసి ఊరికి వెళ్ళిపోతే, అతని పేరు మీద మరొకరు దిగేవాళ్ళు. అలా దిగినవాళ్ళను మారుపేరు వాళ్ళు అనేవారు. గోదావరిఖనిలో మా వరుస క్వార్టర్లలోనే అలాంటి వాళ్ళు చాలామంది ఉండేవారు. ఆ అరువు పేరే మాకు అన్నం పెట్టింది. చిన్నప్పుడే కాలు పడిపోయి బడికి పోలేని నాకు, ఆ ఇంట్లోనే మేం అవ్వ అని పిలిచే మా అమ్మ తన ఒడిలో బైబిలు పెట్టుకుని అక్షరాలు నేర్పింది. అందుకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెల్లిస్తాను.

ఊపిరితిత్తులు చెడి బాపు పని మానేసినప్పుడు ఆ కొలువు తమ్ముడికి వస్తుందనుకున్నాం. కంపెనీ కాగితాల్లో ఉన్న మనిషి వేరు, తమ్ముడి చదువు కాగితాల్లో ఉన్న తండ్రి వేరు. ఎన్ని ఆఫీసులు తిరిగినా ఆ ఇద్దరూ ఒక్కడేనని నిరూపించలేకపోయాం.

తమ్ముడు దుబాయికి వెళ్ళి కాపలా పని చేశాడు. తిరిగొచ్చిన ఎండాకాలం, అన్నం ముందు కూర్చుని ఒక సంగతి చెప్పాడు. ఫ్రాన్సు సైన్యంలో పరదేశీయులకని ఒక పటాలం ఉందట. ఏ దేశపువాడైనా వెళ్ళి ఆ గేటు ముందు నిలబడవచ్చట. ఒళ్ళు గట్టిగా ఉంటే తీసుకుని కొత్త పేరు ఇస్తారట. కొన్నేళ్ళు చేస్తే ఆ దేశంలోనే ఉండిపోవచ్చట.

అక్కడ అన్నం పెడతారా అని అడిగింది అవ్వ.

"రొట్టె పెడతరవ్వా. బొగ్గుపెళ్ళ లెక్కుంటదట" అన్నాడు. నేను నవ్వాను. బాపు నవ్వలేదు. వద్దన్నాడు.

"నువ్వు బతుకంత ఇంకోని పేరు మీద బతికినవ్ గద బాపు. నేను పోతె తప్పొచ్చిందా?"

అప్పుడు బాపు మాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. ఆయన పక్కన పనిచేసే ఒక పిల్లగాడిది కూడా మారుపేరే. కొత్తగా పెళ్ళయింది, భార్యకు ఇంకా చెప్పలేదు. ఒకరోజు లోపల పైకప్పు కూలింది. ఆడవాళ్ళంతా బాయి మీదికి ఉరికొచ్చారు. చనిపోయినవాళ్ళ పేర్లు చదివారు. తనకు తెలిసిన మొగుని పేరు వినబడకపోయేసరికి ఆ పిల్ల తేరుకుని, పక్కన ఏడుస్తున్న ఆమెకు నీళ్ళు తాగించింది. ఆమె తల నిమురుతూ అక్కడే కూర్చుంది. పీనుగులు పైకి వచ్చేదాకా.

"ఆ పిల్లకు నేను చెప్పాల్సుండె. నోరు రాలే. రేపు నీకేమన్నయితే, ఆళ్ళు ఏ పేరు సదువుతరో మాకేం ఎరుక?"

ఏం కాదన్నాడు తమ్ముడు. రామగుండం స్టేషన్‌కు నేనూ అవ్వా వెళ్ళాం. రైలెక్కబోయే తమ్ముడి తలమీద అవ్వ చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. బాపు రాలేదు.

కొన్ని నెలలకు ఫోను వచ్చింది. తీసుకున్నారు, గుండు గీశారు, పేరు మార్చారు. ఆ కొత్త పేరు రెండుసార్లు చెప్పాడు. మా నోటికి పట్టలేదు. ఇంట్లోవాళ్ళ వివరాలు అడిగితే ఎవరూ లేరని రాయించాడట. ఉన్నారంటే వెనక్కి పంపుతారని ఎవరో భయపెట్టారట. బాపు నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"నీ పక్కపొంటి పండుకునెటోనికి ఒక్కనికన్న నీ అసలు పేరు చెప్పురా. ఈ నంబరియ్యి. నేను గట్లనే ఒకనికి చెప్పుకున్న."

"సరే తియ్ బాపు" అని నవ్వాడు. చెప్పాడో లేదో మాకు తెలియలేదు. ఫోన్లు నెలకొకటి, తర్వాత ఎప్పుడో ఒకటి వచ్చేవి.

తెలంగాణ వచ్చిన రోజు. కాలనీ అంతా డప్పులు, రంగులు. అవ్వ వాకిట్లో అందరికీ మిఠాయి పంచుతోంది. ఫోను మోగితే తమ్ముడే అనుకున్నాను. హిందీలో ఎవరో మాట్లాడారు. నేపాలీ మనిషి. మా ఇంటిపేరుతో సహా తమ్ముడి పేరు చెప్పి, ఇది అతని ఇల్లేనా అని అడిగాడు.

తమ పటాలం వెళ్ళిన ఎడారి దేశంలో బండి బోల్తా పడిందట. తమ్ముడితో కలిపి ముగ్గురు పోయారట. ఖననం కూడా అయిపోయిందట.

బాపు ఫోను తీసుకున్నాడు. ఆ పేరు మళ్ళీ చెప్పమన్నాడు. అవతలి మనిషి చెప్పాడు. బాపు ఇంకోసారి చెప్పమన్నాడు. తర్వాత ఫోను నా చేతికిచ్చి, వాకిట్లో ఉన్న అవ్వను లోపలికి పిలవడానికి గోడ పట్టుకుని వెళ్ళాడు.

ఆ మనిషి ఎవరో, అతని ఇల్లు ఎక్కడో అడగాలని నాకు తోచలేదు. పొద్దున్నే ప్రార్థనలో అతని కోసం దేవునికి కృతజ్ఞత చెబుతాను. పేరు తెలియదు కాబట్టి, మా తమ్ముని పక్కన పండుకున్నవాడు అంటాను.