మామ విప్పని చొక్కా

నిన్న గేటు ఇనుము గీసుకుపోయి ధనుర్వాతం సూదికి వెళితే, కొత్తగా వచ్చిన నర్సమ్మ నా జాకెట్టు చెయ్యి పైకి జరగడం లేదని చూసి, "తెర వెనక్కి రండి, జాకెట్టు ఓ పక్క విప్పేయండి. మెడ దగ్గర్నుంచి లాగితే సూది పైన పడిపోద్ది" అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత చిన్న సూదికా అన్నట్టు చూసిందా పిల్ల. సూదికి కాదు, మా మేనమామ గుర్తొచ్చాడు.

మామది జువ్వలదిన్నె, చేపలు పట్టేవాడు. నీళ్లలో ఉన్నంతసేపూ ఒంటిమీద నిక్కరు తప్ప గుడ్డ ఉండదు. చొక్కా అంటే పెళ్లిళ్లకీ, ఆఫీసులకీ. విసురువల వేశాడంటే అది గాలిలో గుండ్రంగా విచ్చుకొని, అంచున కట్టిన సీసం గుళ్లన్నీ ఒక్కసారే నీళ్లలో పడేవి. ఈ చుట్టుపక్కల అలా వేసేవాడే లేడని మా అమ్మ గొప్పలు పోయేది. తమ్ముడు కదా, కాస్త తగ్గించుకొని వినాలి. అయినా ఆ చప్పుడు నేనూ విన్నాను.

కరోనా టీకాలప్పుడు మామను బయల్దేరదీసింది నేనే. బిట్రగుంటలో టీచర్ని, నాకు పరువు పట్టింపు కొంచెం ఎక్కువ. "అందరూ ఉంటారు, మంచి చొక్కా వేసుకో మామా" అన్నాను. ఎప్పుడో నా పెళ్లికి కుట్టించిన పొడుగుచేతుల చొక్కా తొడుక్కొని వచ్చాడు. దాని చెయ్యి ఎంత మడిచినా మోచెయ్యి దాటలేదు. విప్పమంటే, "ఇంతమంది ఆడోళ్లలోనా, బాగుండదు పాపా" అని రెండు గుండీలు తీసి, మెడ పక్కకు లాగి భుజం చూపించాడు. పొద్దుట్నుంచీ తిండి లేకుండా టీకాలేస్తున్న అక్కడి నర్సు నిలబడే, కనిపించిన చోట పొడిచేసింది. మామ సిగ్గు చూసి నేను పక్కనే నవ్వుతూ ఉన్నాను.

మర్నాటికి చెయ్యి లేవలేదు. "జబ్బ పైకి రావట్లా పాపా" అని ఫోన్ చేశాడు. "సూది నొప్పి అందరికీ ఉండేదే మామా, కాపడం పెట్టుకో" అన్నాను. ఆ మాటే ఐదు నెలలు చెప్పాను. తల కూడా తనే దువ్వాల్సి వస్తోందని అత్త ఏడిస్తే, అప్పుడు తీసుకెళ్లాను నెల్లూరికి. ఎముకల డాక్టరు, "టీకాది తప్పు కాదమ్మా, వేసిన చోటుది. కండలో పడాల్సింది కీలు దగ్గర పడింది. మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే ఇంత బిగుసుకునేది కాదు" అన్నాడు.

డాక్టరు చెప్పినట్టు రోజూ గోడమీద వేళ్లు పాకించగా పాకించగా చెయ్యి భుజం దాకా లేచింది. వల విసరడానికి అది చాలదు. ఇప్పుడు ఒడ్డున కూర్చొని పక్కవాళ్ల వలలకు చిరుగులు కుడుతున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఐదు నెలల్లో ఏదో ఒక్క రోజు బస్సెక్కించి ఉంటే సరిపోయేది. అప్పట్లో రోజులకేం కొదవ అనుకున్నాను.