మగ్గం గుంటలో కుందేలు

మొన్న మా మనవరాలు సెల్‌ఫోన్‌లో ఓ సినిమా చూపించింది. చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలో ఉండాల్సిన పసుపుపచ్చ బాతుపిల్ల అందులో కత్తి పట్టుకుని మనుషుల వెంట పడుతోంది. ఇప్పుడిలాంటివే వస్తున్నాయట, పిల్లలు ముద్దుచేసుకున్న వాటినే దయ్యాల్ని చేసి చూపించడం. "తాతా, నువ్వు చూడకు, జడుసుకుంటవ్," అంది. ఆ పని నలభై ఏళ్ల కిందటే కాశిబుగ్గలో నేను చేశానని గొప్పలు పోయాను. ఆ తరువాత నవ్వు నిలవలేదు.

అప్పటికి నాకు ఇరవై దాటాయి. పరకాల నుంచి కాన్పుకొచ్చిన మా అక్క దవాఖానలో ఉంది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందన్నారని అమ్మ కూడా అక్కడే ఉండిపోయింది. ఇంట్లో మిగిలింది బాపు, నేను, అక్క ఐదేళ్ల కూతురు. వెళ్లేముందు అమ్మ ఆ పిల్లకు ఒక కుందేలును కల్పించి ఇచ్చింది. బాపు కాళ్లు పెట్టుకుని కూర్చునే మగ్గం గుంటలో అది ఉంటుందట. తెగిన పోగులన్నీ అదే అతుకుతుందట. పిల్ల గుంట అంచున బోర్లా పడుకుని దానితో గంటలకొద్దీ కబుర్లు చెప్పేది.

అప్పుడే నేనో దయ్యాల సినిమా చూశాను. హాల్లో సగం మంది స్పృహ తప్పారని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. ఎవరూ తప్పలేదు. ఇంటర్వెల్‌కే లేచి వచ్చింది నేనొక్కణ్ణే. మర్నాడు పొద్దున కండెలకు నూలు చుడుతూ పిల్లకు కథ చెప్పాను. కుందేలు కళ్లు ఎర్రబడ్డాయనీ, పోగులు తెగక దానికి పనిలేదనీ, పనిలేక ఆకలై గుంటలో దొరికిన కాళ్లు తింటుందనీ. పిల్లే అడిగిందని తర్వాత అక్కతో అన్నాను. అదీ అబద్ధమే. నా భయం ఒక్కణ్ణే మోయలేక, సగం ఆ పిల్ల నెత్తిన పెట్టాను.

ఆ రోజు నుంచి పిల్ల అన్నం ముట్టలేదు. బాపు గుంటలోంచి లేచినప్పుడల్లా పరుగెత్తుకెళ్లి కాలివేళ్లు లెక్కపెట్టేది. "పదీ ఉన్నయా బిడ్డా?" అని బాపు నవ్వేవాడు. అంతా ఉత్తదేనని నేను రెండుసార్లు చెప్పి చూశాను, నమ్మలేదు. మూడోనాటికి పిల్ల ఒళ్లు కాలిపోతోంది. అసలే అక్క సంగతి ఏమవుతుందో తెలియదు. ఈ సంగతి బాపుకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నం బాపు తిని చేయి కడుక్కుంటుంటే మగ్గం వైపు నుంచి కత్తెర చప్పుడు వినబడింది. వెళ్లి చూస్తే, పిల్ల మగ్గం మీద నిలువునా చాచిన పడుగు మీదికి వంగి పోగు తర్వాత పోగు కత్తిరిస్తోంది. వెయ్యి తెగాయని చెబుతుంటాను, నలభై ఉంటాయేమో. మేమిద్దరం వచ్చినా ఆపలేదు.

"ఏం జేస్తానవ్ బిడ్డా?" బాపు గొంతు పెంచలేదు.

"దానికి పని పెడ్తాన తాతా. పనుంటే నీ కాళ్లు తినదు. మామ చెప్పిండు."

బాపు నా వైపు ఒకసారి చూశాడు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, గుంటలో కాళ్లు పెట్టి, "కుందేలుకు జర సుస్తయ్యింది. ఇయ్యాల మనిద్దరమే అతుకుదాం," అన్నాడు. నేను సాయం పోతే, "నువ్వు వద్దు తీ," అన్నాడు. పొద్దుగూకే దాకా ఇద్దరూ అతుకుతూనే ఉన్నారు. మధ్యలో పిల్ల ఆయన చేత్తో పట్టిన గంజి తాగింది.

వారానికి అక్క కొడుకునెత్తుకుని క్షేమంగా ఇంటికొచ్చింది. మగ్గం మీది చీర కూడా అతుకు కనబడకుండా పూర్తయింది. పిల్ల మాత్రం నన్ను మళ్లీ కథ అడగలేదు. అడిగితే చెబుదామని మంచి కథొకటి తయారుచేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూశాను. ఈలోగా ఆ పిల్లకు కథలు వినే వయసే దాటిపోయింది.