ముడి వేసిన ఇంగ్లిష్ పుస్తకం

ఇంగ్లిష్‌లో భాషాభాగాలు ఎనిమిది. అందులో ఐదు నేనూ నా దోస్తూ ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాం. మిగిలిన మూడు నేనొక్కదాన్నే నేర్చుకున్నాను. ఎట్లా నేర్చుకున్నానో చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ చెప్పి బతుకుతున్నాను కాబట్టి ఏటా జూన్‌లో ఆ ఎనిమిదీ బోర్డు మీద రాయక తప్పదు. ఆరోది రాసే చోట చాక్‌పీసు ఒక్క క్షణం ఆగుతుంది.

మాది సిరిసిల్ల. బాపు సాంచెలు నడిపేవాడు. సాంచె అంటే మా ఊళ్లో పవర్‌లూమ్. అమ్మ బీడీలు చుట్టేది. నా దోస్తు ఇల్లు మా వెనక గల్లీలోనే. వాళ్ల అమ్మ కండెలు చుట్టేది, అంటే సాంచెకు కావలసిన దారాన్ని చిన్న చిన్న గొట్టాలకు మిషన్ మీద ఎక్కించేది. మేమిద్దరం పదో తరగతికి వచ్చిన రోజే ఆమె కూతురికి లెక్క తేల్చేసింది.

"పాసైతే కాలేజికి పో. ఫెయిలైతే నా పక్కకు ఇంకో కండెల మిషిన్ ఖాళీగనే ఉన్నది."

మా గల్లీలో ఆడపిల్లలు ఫెయిలయ్యేది ఒక్క ఇంగ్లిష్‌లోనే. మిగతా సబ్జెక్టులు ఎట్లాగో గట్టెక్కేవాళ్లం. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసేవాళ్లం. అందుకే ఆ ఏడు మా బడికి కొత్తగా వచ్చిన ఇంగ్లిష్ సారు మాకు దేవుడిలా కనిపించారు. ‘వచ్చారు’, ‘చెప్పారు’ అని ఆయన గురించి ఇప్పటికీ మర్యాదగానే రాస్తున్నాను. చేతికి అలవాటైపోయింది, మనసుకు కాదు.

సారుది జగిత్యాల. సిరిసిల్లలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. ఆయన గ్రామరు చెప్పే తీరే వేరు. అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాసి, పురికొసతో మా మెడల్లో వేలాడదీసేవారు. ఒక పిల్ల నౌన్, ఒక పిల్ల వెర్బ్, ఒక పిల్ల అడ్జెక్టివ్. ఆయన వాక్యం చదువుతుంటే ఎవరి మాట వస్తే వాళ్లు ముందుకొచ్చి వరసలో నిలబడాలి. నా దోస్తు నౌన్. నేను వెర్బ్. వాక్యాలు కూడా పుస్తకంలోవి కావు, మా ఇళ్లలోవి. మా బాపు సాంచె నడుపుతాడు. వాళ్ల అమ్మ కండెలు చుడుతుంది. సాంచెల యజమాని ముసలి సేటు గట్టిగా అరుస్తాడు. బల్ల మీద డస్టరుతో దరువేస్తూ సారు పేర్లు పలికిస్తుంటే, మేము ఆ దరువుకే గొంతు కలిపేవాళ్లం. నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్. అక్కడ రెండు దెబ్బలు. వెర్బ్, అడ్వెర్బ్. అక్కడ మళ్లీ రెండు దెబ్బలు.

ఆ ఐదూ నేర్చుకునేసరికి సమ్మె వచ్చింది.

తెలంగాణ కోసం ఊరంతా రోడ్డు మీద ఉన్న కాలం అది. ఆఫీసులు బంద్, బస్సులు బంద్, బళ్లు బంద్. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేశారు. సార్లంతా టెంటు వేసి, వంతుల వారీగా దీక్షకు కూర్చున్నారు. బడి మూతపడే రోజున ఇంగ్లిష్ సారు మమ్మల్ని గ్రౌండులో నిలబెట్టి మాట్లాడారు.

"ఈ సమ్మె అయ్యేదాక బడి లేదు, పుస్తకం లేదు. పెద్దలు పని బందు పెట్టిండ్రు, మనం సదువు బందు పెడుతున్నం. ఇందుల ఒక్కలు ఎక్కువ, ఒక్కలు తక్కువ లేరు. అందరం ఒక్కటే."

నా దోస్తు చెయ్యెత్తింది. "సార్, ఇంక మూడున్నయ్ గద?"

సారు నవ్వారు. "యాడికి పోతయే అవి? తెలంగాణ అచ్చినంక చెప్త."

అందరం చప్పట్లు కొట్టాం. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. నేను చేసిన తప్పు ఇక్కడే మొదలైంది. సాంచెల ఊళ్లో పుట్టిన పిల్లలు తప్ప ఇంకెవరూ ఆ తప్పు చేయరనుకుంటాను.

మా దగ్గర సాంచెల బందు అంటే ఆషామాషీ కాదు. బందు పెట్టిన రోజు ప్రతి సాంచె హ్యాండిలుకు ఒక పోగు అడ్డంగా కట్టి ముడి వేస్తారు. సాంచె నడపాలంటే ఆ పోగు తెగాల్సిందే. బాపు సంఘంలో ఉండేవాడు కాబట్టి ఆ ముళ్లు వేయడానికి ఆయనే వెళ్లేవాడు, నేను వెంట పోయేదాన్ని. "ఈ ముడి ఇప్పరాదు బిడ్డా, తెంపుడే ఉంటది" అని చూపించి, నాకూ నేర్పాడు. బందు రోజుల్లో సిరిసిల్లలో ఎంత నిశ్శబ్దం ఉంటుందంటే, ఏ మూలనో ఒక్క సాంచె దొంగతనంగా నడిచినా నాలుగు గల్లీల అవతలికి వినిపిస్తుంది. అట్లా నడిపినవాడితో ఆ తర్వాత ఎవరూ చాయ్ కూడా తాగరు.

చదువు బందు అని సారు అన్నప్పుడు నాకు ఆ బందే గుర్తొచ్చింది. వేరే ఊరి పిల్లలైతే బడికి సెలవని సంబరపడి, ఇంట్లో పుస్తకం తిరగేసేవాళ్లు. నేను మాత్రం ఆ సాయంత్రమే దోస్తు ఇంటికి వెళ్లాను. ఇద్దరి ఇంగ్లిష్ పుస్తకాలూ ముందేసుకుని, బాపు సాంచె మీది తెల్లటి పోగు చుట్టి, బాపు నేర్పిన ముడే వేశాను.

దానికి ఇష్టం లేదు. "ఇంట్ల సదువుకుంటె ఎవ్వలకు ఎరుకైతదే?" అంది.

"బందంటె బందే. ఒక్కలు నడిపినా మాట పోయినట్టే" అన్నాను. దానికి అంతకుముందు రెండు పరీక్షల్లోనూ ఇంగ్లిష్ మార్కులు అంతంతమాత్రమే అని నాకు తెలుసు. ఆ పుస్తకం దానికెంత అవసరమో కూడా తెలుసు. అయినా ఒట్టు వేయించుకున్నాను. సారు మాట నిలబెడుతున్నానని నాకు ఒళ్లంతా గర్వం.

సమ్మె మొదలైనప్పుడే కోరుట్లలో మా పెద్దమ్మ బిడ్డకు కొడుకు పుట్టాడు. సమ్మె సగం దాటాక, ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగకు అమ్మా నేనూ దొరికిన జీపులు పట్టుకుని పోయాం. తిరిగొచ్చేటప్పుడు నేరుగా బండి దొరక్క జగిత్యాల మీదుగా రావాల్సి వచ్చింది. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఊరి మధ్య గడియారం టవరు దగ్గర అమ్మ సంచుల మీద కూర్చుని, ఎక్కడైనా నీళ్లు తెమ్మని నన్ను పంపింది. హోటళ్లన్నీ మూసి ఉన్నాయి. ఒక గల్లీలోకి మళ్లాను.

ఊరంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టే వినిపించింది. ఏదో ఇంట్లోంచి పిల్లల గొంతులు. నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్. రెండు దెబ్బలు. వెర్బ్, అడ్వెర్బ్. రెండు దెబ్బలు. నా కాళ్లు ఆగిపోయాయి. ఆ దరువు ఇంకెవరిదీ కాదు. అక్కడితో ఆగిపోతుందని అనుకున్నాను. ఆగలేదు. ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్ అంటూ ఎనిమిదీ పూర్తి చేసి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు.

నిన్నగాక మొన్న సిరిసిల్ల టెంటులో మెడలో పూలదండతో కూర్చున్న మనిషి! మా పుస్తకాలు మూయించిన మనిషి! ఆయనను తిట్టడానికి నోరు తెరిచానో, ఏడవడానికి తెరిచానో నాకు గుర్తులేదు. ఇంతలో తలుపు తీసుకుని ఆయనే బయటికి వచ్చారు, చేతిలో ఫోను. నన్ను చూసి ఫోను దించారు.

"ఏం బిడ్డా, నువ్వు గీడ?"

"నీళ్లకోసం అచ్చిన సార్."

ఆయన లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చారు. నేను తాగుతుంటే మెల్లగా చెప్పారు. "వీళ్లు ఇంగ్లిష్ మీడియం పిల్లలు. అండ్ల నా బిడ్డ సుత ఉన్నది. వాళ్ల అమ్మనాయినలు అడుగుతుంటె కాదనలేకపోయిన. సమ్మె వేరే, ఇది వేరే."

ఖాళీ గ్లాసు ఆయన చేతికిచ్చాను. ఆయన మళ్లీ లోపలికి వెళ్లి, ఒక జిరాక్సు కాగితం మడిచి తెచ్చారు.

"ఆ మిగిలిన మూడు ఈ కాయిదంల ఉన్నయ్. నువ్వు హుషారు పిల్లవు, సదువుకో. సిరిసిల్లల మాత్రం ఎవ్వలకు సూపియ్యకు. నీ దోస్తుకు సుత."

ఆ కాగితం చింపి ఆయన మొహాన కొట్టి ఉండాల్సింది. ఇన్నేళ్లుగా మనసులో ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం రెండు చేతులతో తీసుకున్నాను. "హుషారు పిల్లవు" అన్నందుకు లోపల సంబరపడ్డాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంటికొచ్చిన మర్నాడు, బాపు టెంటుకూ అమ్మ బీడీల కార్ఖానాకూ వెళ్లాక, బ్లేడుతో నా పుస్తకం మీది పోగు తెంపాను. సారే నడుపుతుంటే నేనెందుకు ఆపాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరి అదే మాట దోస్తుకు ఎందుకు చెప్పలేదు? చెబితే సారు సంగతి చెప్పాలి. సారు సంగతి చెబితే కాగితం సంగతి చెప్పాలి. ఒట్టు పెట్టించింది నేనే కాబట్టి దాని ముందు తలెత్తుకోలేను. ఇవన్నీ నిజాలే. ఇంకో నిజం కూడా ఉంది. ఆ కాగితం నా ఒక్కదాని దగ్గరే ఉండటం నాకు నచ్చింది.

రెండ్రోజుల తర్వాత దోస్తు మా ఇంటికొచ్చింది. దాని అడుగుల చప్పుడుకే పుస్తకం మంచం కిందికి తోశాను.

"సారుది జగిత్యాలనే గద, కనవడ్డడా?" అని నవ్వుతూ అడిగింది.

"లేదే" అన్నాను.

సమ్మె ముగిసింది. బళ్లు తెరుస్తున్నారని తెలిసిన రోజు నేను నా పుస్తకానికి కొత్త పోగు చుట్టి, అదే ముడి వేసి పెట్టాను. అనుకున్నట్టే దోస్తు తన పుస్తకం పట్టుకుని పొద్దున్నే వచ్చింది. "ఇద్దరం ఒక్కసారే తెంపుదాం" అంది. రెండు పుస్తకాలూ గడప మీద పక్కపక్కన పెట్టాం. అది కాసేపు వాటినే చూసింది. తర్వాత "తెంపు" అంది. తెంపాం.

బడిలో సారు పిడికిలి ఎత్తి నినాదం ఇచ్చారు, మేం జై కొట్టాం. అప్పటికే సిలబసు మిగిలిపోయి నెత్తి మీద కూర్చుంది. "మిగిలిన మూడు చిన్నయే, గైడ్ల సూసుకోండ్రి" అని ఒక్క మాటలో తేల్చేశారు. అప్పుడు నేను ఆయన కళ్లలోకి చూశాను. ఆయన బోర్డు వైపు తిరిగారు. దోస్తు దగ్గర గైడు లేదు. ఉన్నదల్లా నెలకు పైగా ముడిపడి ఉన్న పుస్తకం. సార్ల సమ్మె అయిపోయింది, నా సమ్మె మాత్రం దోస్తు మీద నడుస్తూనే ఉంది. అది ఏదైనా అడిగితే "నాకూ సరిగ్గ తెల్వదే" అనేదాన్ని.

నేను పాసయ్యాను. అది ఫెయిలైంది, ఒక్క ఇంగ్లిష్‌లో. ఆ మూడు భాషాభాగాలు రానందుకే పోయిందని అనను. చదవాల్సిన రోజులన్నీ పోయాయి. ఆ రోజులకు ముడి వేసింది నేను. వాళ్ల అమ్మ అన్న మాట తప్పలేదు. నేను కాలేజీకి పోయే దారిలో వాళ్ల ఇంటి ముందు కండెల మిషన్లు రెండు తిరుగుతున్న చప్పుడు వినిపించేది. ఆ దారి మానేసి చుట్టూ తిరిగి పోవడం అలవాటు చేసుకున్నాను.

తెలంగాణ వచ్చింది. ఊరంతా గులాల్ చల్లుకున్నాం. స్టేజీ మీద సారు కూడా ఉన్నారు, నిండా గులాల్‌తో. తెలంగాణ వచ్చినంక చెప్తానన్న మూడూ ఆయన మాకు ఇప్పటికీ చెప్పలేదు. చాలా ఏళ్లు నన్ను మోసం చేసింది ఆయనే అని తిట్టుకుంటూ బతికాను. అది నాకు సుఖంగా ఉండేది.

పోయిన జూన్‌లో బడి వరండాలో అడ్మిషన్లు రాస్తుంటే ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. నా దోస్తు. దాన్ని కోరుట్లకే ఇచ్చారట. పాప మూడో తరగతి. మాటలు వెతుక్కుంటూ బాగోగులు అడిగాను. అది తిన్నగా విషయానికే వచ్చింది.

"ఇంగ్లిష్ నువ్వే చెప్తవట గద. ఎనిమిదీ చెప్పు దీనికి. ఐదు కాడ ఆపకు."

పెన్ను పక్కన పెట్టాను. "నీకో మాట చెప్పాలెనే. గా బందుల నేను..."

"ఎరుకే" అంది. "మనం తెంపిన నాడే ఎరుక. నా దారం మట్టిగొట్టుక పోయింది. నీ దారం తెల్లగ ఉండె."

"మరి అప్పుడే ఎందుకడగలేదే?"

అది పాప జడ సర్దుతూ, కోపం లేకుండానే చెప్పింది.

"నువ్వే చెప్తవనుకున్న. పరీక్ష దినం పొద్దుగాల దాక సూసిన."